కొండ కడుపులో గిబియోను నీళ్లు

యెరూషలేముకు వాయవ్య దిక్కున సుమారు పది కిలోమీటర్ల దూరంలో, వెస్ట్‌బ్యాంక్‌లో అల్ జీబ్ అనే పాలస్తీనా గ్రామం ఉంది. దాన్ని ఆనుకుని ఉన్న సున్నపురాయి గుట్టే బైబిల్లోని గిబియోను.

ఆ నేల మీద వాన కురిసేది చలికాలంలోనే. వేసవి నెలల్లో ఆకాశం చుక్క రాల్చదు. కానీ సున్నపురాయి పడిన వానను పగుళ్ల దారిన లోపలికి తాగేస్తుంది. నీళ్లు దిగీ దిగీ, ఇంకనివ్వని పొర తగలగానే పక్కకు మళ్లి గుట్ట అడుగున ఊటగా బయటికొస్తాయి. మబ్బు జాడలేని ఎండల్లో కూడా పాత వాన రాతిలోంచి చల్లగా జారుతూనే ఉంటుంది.

చిక్కల్లా ఒక్కటే. ఊరు గుట్ట పైన, ఊట గుట్ట కింద. శత్రువు చుట్టుముడితే కడవ పట్టుకుని ఎవరు దిగగలరు? అందుకని గిబియోను జనం కొండనే తొలిచారు.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ ప్రిచర్డ్ 1956లో ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. పూడిపోయిన మట్టి తీసేకొద్దీ దాదాపు 11.8 మీటర్ల వెడల్పు, 10.8 మీటర్ల లోతున్న గుండ్రటి రాతి గొయ్యి బయటపడింది. మన దిగుడుబావిలా గోడ వెంట మెట్లు చుట్టుకుంటూ దిగుతాయి. గొయ్యి అడుగుతో అవి ఆగవు, సొరంగంలోకి దూరతాయి. మొత్తం 79 మెట్లు దిగితే, నేలకు 24 మీటర్ల లోతున నీటి గది. ఇది కాక, కోట లోపలి నుంచి ఊట దాకా 93 మెట్ల సొరంగం మరొకటి. గొయ్యిలోని మట్టిలో దొరికిన జాడీ పిడుల మీద ఊరి పేరు చెక్కి ఉంది. అల్ జీబే గిబియోను అనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

నీళ్లకే కాదు, ద్రాక్షారసానికీ రాయే నీడనిచ్చింది. సన్నటి మూతి, విశాలమైన అడుగు ఉన్న 63 నేలమాళిగలు ఇక్కడ దొరికాయి. బయట ఎండ ఎంత మండినా వాటి లోపల సుమారు 18 డిగ్రీల చల్లదనమే.

ఈ ఊరి కథలు కూడా వానకూ నీటికీ ముడిపడినవే. ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ సేనకు జడిసిన గిబియోనీయులు చినిగిన బట్టలు కట్టుకుని, బూజు పట్టిన రొట్టెలు చూపించి, దూరదేశం నుంచి వచ్చామని నమ్మించి సంధి చేసుకున్నారు. గుట్టు బయటపడ్డా ఇశ్రాయేలు మాట తప్పలేదు. వాళ్లను బలిపీఠానికి కట్టెలు నరికేవాళ్లుగా, నీళ్లు తోడేవాళ్లుగా ఉంచింది. వాళ్ల మీదికి ఐదుగురు రాజులు దండెత్తితే యెహోషువే అండగా వచ్చాడు. ఆనాడు ఆకాశం నుంచి వడగండ్లు పడ్డాయనీ, గిబియోను మీద సూర్యుడు నిలిచిపోయాడనీ గ్రంథం చెబుతుంది. ఆ మాట క్రీస్తుపూర్వం 1207 నాటి సూర్యగ్రహణం గురించే కావచ్చని 2017లో కేంబ్రిడ్జి పరిశోధకులు ప్రతిపాదించారు.

తర్వాతి కాలంలో సౌలు రాజు ఆ ప్రమాణాన్ని మీరి గిబియోనీయులను చంపించాడు. దావీదు కాలంలో మూడేళ్లు కరువు వచ్చినప్పుడు, కారణం ఆ రక్తమేనని దైవవాక్కు పలికింది. దానికి పరిహారంగా సౌలు వంశంలోని ఏడుగురిని గిబియోనీయులకు అప్పగిస్తే, వాళ్లు చంపారు. వారిలో ఇద్దరి తల్లి రిస్పా, కోతకాలం మొదలు ఆకాశం కురిసేదాకా, పక్షులూ మృగాలూ ఆ శవాలను ముట్టకుండా కాపలా కాసింది.

దావీదు కొడుకు సొలొమోను రాజయ్యాక వెయ్యి దహనబలులు అర్పించింది కూడా గిబియోనులోని ఉన్నత స్థలంలోనే. ఆ రాత్రి కలలో దేవుడు కనిపించి ఏం కావాలో కోరుకోమంటే, అతడు ఐశ్వర్యాన్నీ దీర్ఘాయువునూ అడగలేదు. ప్రజలకు న్యాయం తీర్చే వివేకం అడిగాడు.

మోసపోయి ఇచ్చినా మాట మాటేననీ, దాన్ని తప్పితే వానే మొహం చాటేస్తుందనీ గిబియోను కథ చెబుతుంది. ఏడాదిలో సగం ఆకాశం వైపు చూస్తూ బతికే కొండనేల మీద, ధర్మానికి ఇంతకంటే బరువైన కొలత దొరకదు.