మెదడుని చేత్తో పట్టుకున్న రోజు

నాన్నకి పక్షవాతం వచ్చిన రోజు నేను బెంగళూరులో మీటింగ్‌లో ఉన్నా. ఫోన్ సైలెంట్‌లో పెట్టా. బయటికొచ్చి చూస్తే అమ్మవి ఏడు మిస్డ్ కాల్స్. ‘పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయిందిరా. మాట ముద్దగా వస్తోంది. నీరసమేమోనని పడుకోబెట్టా’ అంది. నేనేమన్నానో తెలుసా? ‘షుగర్ చూపించు, సాయంత్రం మాట్లాడదాం’ అని! ఆఫీసులో రోజూ న్యూరల్ నెట్‌వర్క్‌లతో కుస్తీ పట్టేవాణ్ని. ఇంట్లో నిజం న్యూరాన్లు చచ్చిపోతుంటే గుర్తుపట్టలేకపోయా.

ఆర్‌ఎంపీని పిలిచి, ఆయన బీపీ మాత్ర ఇచ్చి, చివరికి భీమవరం చేరేసరికి ఏడు గంటలు గడిచాయి. ‘నాలుగున్నర గంటల్లోపు వచ్చుంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి చూసేవాళ్లం’ అన్నారు డాక్టర్. నాన్న బతికారు. కానీ కుడిచెయ్యి ఇప్పటికీ పూర్తిగా లేవదు.

ఎవరిదో మెదడు... నా చేతిలో

కొన్ని నెలల తర్వాత ఓ శనివారం ఫ్రెండ్‌తో కలిసి బెంగళూరు నిమ్హాన్స్‌లోని బ్రెయిన్ మ్యూజియానికి వెళ్లా. న్యూరోపాథాలజిస్టు డాక్టర్ ఎస్.కె.శంకర్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి కష్టపడి నిలబెట్టిన చోటు అది. మనలాంటి మామూలు జనం కూడా వెళ్లి చూడొచ్చు. గాజు జాడీల్లో వరసగా మెదళ్లు. కణితి వచ్చినవి, ప్రమాదంలో దెబ్బతిన్నవి, స్ట్రోక్ వచ్చినవి.

గ్లౌజు వేసుకోమని ఓ మెదడుని నా చేతిలో పెట్టారు. మనిషి మెదడు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు ఉంటుంది. శరీరం బరువులో రెండు శాతమే. అయినా మనం పీల్చే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. అందుకే రక్తం ఆగితే అది కాసేపు కూడా ఓర్చుకోలేదు. పెద్ద రక్తనాళం పూడుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు నశిస్తాయని అమెరికా న్యూరాలజిస్టు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టారు. ఏడు గంటలంటే 420 నిమిషాలు. ఆ గుణకారం చేయడానికి నాకు మనసొప్పలేదు.

అమ్మే బాగా చెప్పింది

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇదంతా అమ్మకి చెప్పబోయా. ‘సర్వర్ డౌన్ అయితే యాప్ పనిచెయ్యదు కదా, అలాగ...’ అన్నా. అమ్మ అర్థంకానట్టు చూసింది. ఇంకోసారి చెప్పాక, ‘అంటే బోదెలో అడ్డం పడితే కింది చేను ఎండిపోయినట్టా?’ అంది. అంతే! నాకు రాని ఉపమానం ఆవిడకి ఒక్క ముక్కలో వచ్చేసింది.

ఆ సాయంత్రం రామాలయం అరుగు మీద ఆ బోదె కథే చెప్పా. ‘చెయ్యి పడిపోతే పావురం రక్తం రాస్తే తగ్గుతుందంటారు కదరా?’ అని అడిగాడో పెదనాన్న. నవ్వలేదు నేను. ‘చేతిలో ఏ లోపమూ లేదు పెదనాన్నా. కుడిచేతిని కదిపించేది ఎడమవైపు మెదడు. ఎక్కువమందికి మాట ఉండేదీ అటే. అందుకే నాన్నకి రెండూ ఒకేసారి పోయాయి. చేతికి ఏది రాస్తే మాత్రం అక్కడిదాకా ఎలా వెళ్తుంది?’ అన్నా.

అప్పటిదాకా మూలన కూర్చున్న నాన్న మెల్లగా, ఒక్కో మాటా కూడదీసుకుంటూ, ‘నన్ను... పడుకోబెట్టారు. మీరు... పడుకోబెట్టొద్దు’ అన్నారు. అరుగంతా నిశ్శబ్దం. నేను గంటసేపు చెప్పిందాని కంటే ఆ రెండు ముక్కలే వాళ్లకి ఎక్కువ ఎక్కాయి.

మీరూ గుర్తుపెట్టుకోండి

నవ్వమంటే మూతి ఓ పక్కకి వంకరపోవడం, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి కిందికి జారిపోవడం, మాట ముద్దగా రావడం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నట్టుండి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. ఎప్పుడు మొదలైందో టైమ్ రాసుకోండి. మీ అంతట మీరు ఆస్ప్రిన్ వేసేయకండి. అది గడ్డా, రక్తస్రావమా అన్నది స్కాన్‌లోనే తేలుతుంది. రక్తస్రావమైతే ఆ మాత్రే ప్రమాదం.

రోజూ గుడ్‌మార్నింగ్ ఫొటోలు వచ్చే మీ ఫ్యామిలీ గ్రూప్‌లో ఇవాళ ఈ నాలుగు ముక్కలు పెట్టండి. టైప్ చేయకండి, మీ యాసలోనే వాయిస్ మెసేజ్ పంపండి. చదవడం రాని నానమ్మకీ అర్థమవుతుంది. అలాంటి మెసేజ్ ఒక్కటి ముందే విని ఉంటే, ఆ రోజు అమ్మ నాకు కాకుండా 108కి ఫోన్ చేసేది.