కట్టబొమ్మన్ కేక.. ఇంటి రొదలో వినబడేదెలా?

విజయనారాయణం నుంచి బరంపురం దాకా ఒకే రేడియో అల
చెక్క చట్రం, రాగి తీగ, కంప్యూటరుంటే పట్టుకోవచ్చు
ముందు ఇల్లు సర్దుకుంటేనే ఫిల్టర్లు పనిచేసేది

తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లా విజయనారాయణంలో భారత నౌకాదళానికి ఓ రేడియో కేంద్రం ఉంది. పేరు ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్. 1990లో మొదలైంది. సముద్రంలో మునిగి ఉన్న జలాంతర్గాములకు కబురు అందించడం దాని పని. అక్కణ్నుంచి బయల్దేరిన అల హోసూరు, బళ్లారి, యానాం, నాందేడ్, బరంపురం.. ఇలా మనవాళ్లున్న ఊళ్లన్నింటి మీదుగానూ పోతుంది. మన ఇంటి గోడల్లోంచీ పోతుంది. అయినా మనకు చిక్కదు. అందుకు కారణం దూరం ఒక్కటే అనుకుంటే పొరపాటే. అసలు అడ్డు మన ఇంట్లోనే ఉంది!

పేరూ మనదే
పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ది తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకర్ల వంశం. 1799 అక్టోబరు 16న ఆంగ్లేయులు ఆయన్ను కయత్తారులో ఉరి తీశారు. కోవిల్‌పట్టి, సాత్తూరు, ఎట్టయపురం ప్రాంతాల్లో తరాలుగా ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబాలకు ఈ కథ కొత్త కాదు. అదే పేరు పెట్టుకున్న కేంద్రం ఆ గడ్డకు వంద కిలోమీటర్ల లోపే ఉంది.

పరిశోధన పత్రాల్లో ఈ కేంద్రానిదిగా ఎక్కువగా కనిపించే ఫ్రీక్వెన్సీ 18.2 కిలోహెర్ట్జ్. ఎఫ్‌ఎం రేడియో మెగాహెర్ట్జ్‌లలో పనిచేస్తుంది. దానితో పోలిస్తే ఇది పాతాళమే. ఒక్కో అల పొడవు దాదాపు 16.5 కిలోమీటర్లు. మామూలు రేడియో అలలను ఉప్పునీరు పైపైనే మింగేస్తుంది. ఇంత పొడవాటి అలలు మాత్రం కొన్ని మీటర్ల లోతుకు దిగుతాయి. నేలకూ, పైనున్న అయనోస్ఫియర్‌కూ మధ్య సొరంగంలో సాగినట్టు వేల కిలోమీటర్లు పోతాయి.

లోపలి కబురు సంకేత భాషలో ఉంటుంది. దాంతో మనకు పనిలేదు. అల ఎంత బలంగా వస్తోందో కొలవడమే ఇక్కడ సంగతి. శాస్త్రవేత్తలు చేసేదీ అదే.

హ్యామ్‌లకేం సంబంధం?
హ్యామ్ రేడియో వాళ్లకు ప్రపంచ రేడియో సమావేశాలు రెండు తక్కువ ఫ్రీక్వెన్సీ పట్టీలు ఇచ్చాయి. 2007లో 135.7 నుంచి 137.8 కిలోహెర్ట్జ్. 2012లో 472 నుంచి 479 కిలోహెర్ట్జ్. ఇక్కడ పెద్ద యాంటెనా కట్టే చోటు ఎవరికీ ఉండదు. పంపే శక్తిలో చాలా భాగం వేడిగానే పోతుంది. అవతలికి చేరేది నలుసంత. ఆ నలుసును రొదలోంచి ఏరడమే ఈ హ్యామ్‌ల విద్య. కట్టబొమ్మన్ అలను పట్టడం ఆ విద్యకు మంచి ఓనమాలు. మనం ఏమీ ప్రసారం చేయం కాబట్టి యాంటెనా, కంప్యూటరు, ఓపిక ఉంటే సరి.

యాంటెనా అంటే మరేమీ లేదు. మీటరు చదరపు చెక్క చట్రానికి ఇన్సులేషన్ ఉన్న సన్నటి రాగి తీగ 50 చుట్లు చుట్టి, రెండు కొసలను షీల్డు ఉన్న ఆడియో తీగతో కంప్యూటరు సౌండ్‌కార్డుకు కలపడమే. కార్డు సెకనుకు 48,000 సార్లు కొలిస్తే 24 కిలోహెర్ట్జ్ దాకా చూడొచ్చు. అందులో 18.2 ఇమిడిపోతుంది. జర్మనీకి చెందిన ఒక హ్యామ్ రాసిన స్పెక్ట్రమ్ ల్యాబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఈ పనికి బాగా వాడుకలో ఉంది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం ఇలాంటి పద్ధతిలోనే విద్యార్థుల కోసం సూపర్‌సిడ్ అనే పరికరం తయారు చేసింది.

మొదటి ఫిల్టరు మెయిన్ స్విచ్చే
చట్రం కట్టి, తెర చూస్తే చాలామందికి కనిపించేది అడ్డదిడ్డంగా గీతలు. ఎల్‌ఈడీ బల్బు, ఫోను చార్జరు, ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు, ఇన్వర్టరు, సోలార్ పెట్టె.. ఒక్కోటీ ఒక్కో గోల. కరెంటును సెకనుకు వేల సార్లు తెంపి కలిపే పరికరం ప్రతిదీ ఓ చిన్న రేడియో స్టేషనే.

ఇక్కడే చాలామంది సాఫ్ట్‌వేరు మీద భారం వేస్తారు. అది తప్పు దారి. కార్డుకు పట్టనంత బలంగా రొద లోపలికొస్తే అలల శిఖరాలు కత్తిరించుకుపోతాయి. అలా పోయినదాన్ని ఏ లెక్కా తిరిగి తేలేదు. ఒలికిన పాలు ఎత్తలేం కదా!

అందుకే ముందు ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపండి. ఇంటి మెయిన్ ఆపి తెర చూడండి. తర్వాత ఒక్కో స్విచ్చీ వేసుకుంటూ పోతే దొంగ దొరుకుతాడు. చట్రాన్ని ఇంటికి దూరం జరపండి. దగ్గరలోని పరికరం చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం దూరం రెట్టింపైతే సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇంకో చిట్కా.. చట్రం అంచు చూపే దిక్కు నుంచి అల బాగా వస్తుంది, ముఖం చూపే దిక్కు నుంచి దాదాపు రాదు. రొద వచ్చే వైపు ముఖం తిప్పితే సగం పని అయిపోయినట్టే. ఉరుములు మెరుపులప్పుడు మాత్రం తీగ పీకేసి దూరంగా ఉండండి.

తూర్పారబట్టడానికో వరుస
కళ్లంలో గాలి వాటం చూసి తూర్పారబడతారు. గింజా, పొట్టూ బరువులో వేరు కాబట్టే విడిపోతాయి. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ కూడా అంతే. కావలసినదానికీ, అక్కర్లేనిదానికీ తేడా ఎక్కడుందో తెలిస్తేనే విడదీయగలదు. ఆ పనికో వరుస ఉంది.

ముందు పిడుగుల సంగతి. వందల కిలోమీటర్ల దూరాన మెరిసినా ఇక్కడ టప్‌మంటుంది. కానీ ఆ దెబ్బ ఉండేది సెకనులో వెయ్యో వంతు కాలం, ఆ చుట్టుపక్కల. కొలత ఒక్కసారిగా హద్దు దాటితే ఆ కాస్త ముక్కను సున్నా చేసేయడమే మందు. సన్న ఫిల్టరు కన్నా ముందే ఈ పని జరగాలి. లేకపోతే గంట కొట్టినట్టు ఆ దెబ్బ ఫిల్టరులో మోగుతూ సాగిపోతుంది. అప్పుడు పొట్టు గింజలో కలిసిపోయినట్టే.

తర్వాత కరెంటు బుర్రు. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని గుణిజాలు దువ్వెన పళ్లలా పైదాకా నిలబడి ఉంటాయి. చిత్రమేమంటే 50ని 364తో గుణిస్తే సరిగ్గా 18,200! అంటే కట్టబొమ్మన్ నెత్తి మీదే ఓ పన్ను. పైగా అది కదులుతుంది. గ్రిడ్ నియమాల ప్రకారం కరెంటు 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉండాలి. 364 రెట్లు చేస్తే ఆ పన్ను 18,164 నుంచి 18,218 దాకా తిరుగుతుందన్నమాట. ఒకచోట సందు మూసేస్తే లాభం లేదు. అసలు 50 హెర్ట్జ్ ఈ క్షణాన ఎంతుందో కొలుస్తూ, దాని వెంటే వెళ్లి ఆ గుణిజాన్ని తీసేసే ఫిల్టరు కావాలి.

చివరగా జల్లెడ. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలముందో విడదీసే లెక్కను వేగంగా చేసే పద్ధతిని కూలీ, టుకీ 1965లో ప్రచురించారు. 1,024 కొలతలను నేరుగా లెక్కిస్తే పది లక్షలకు పైగా గుణకారాలు. వాళ్ల పద్ధతిలో సుమారు పదివేలు చాలు. ఈ పొదుపు వల్లే ఇవాళ పాత కంప్యూటరు కూడా ఈ పని చేస్తోంది.

సందు సన్నమైతే ఓపిక పెరగాలి
రొద అన్ని ఫ్రీక్వెన్సీల్లో పరుచుకుని ఉంటుంది. సందు ఎంత సన్నగా తెరిస్తే అంత తక్కువ రొద లోపలికొస్తుంది. మాటలు వినడానికి 2,500 హెర్ట్జ్ వెడల్పు కావాలి. దాన్ని 1 హెర్ట్జ్‌కు కుదిస్తే రొద 2,500వ వంతు. అయితే 1 హెర్ట్జ్ తేడా పసిగట్టాలంటే కనీసం ఒక సెకను వినాలి. పదో వంతు తేడాకు పది సెకన్లు. ఊరికే ఏదీ రాదు!

పల్సర్ల పరిశోధనకు 1993లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ టేలర్ స్వయానా హ్యామ్. ఆయన 2008లో తెచ్చిన డబ్ల్యూఎస్‌పీఆర్ పద్ధతి ఈ బేరం మీదే నడుస్తుంది. పేరు, చోటు, శక్తి.. ఈ మూడు ముక్కలే సుమారు 6 హెర్ట్జ్ వెడల్పులో 110 సెకన్లకు పైగా తీసుకుని పంపుతుంది. చెవికి ఏమీ వినబడని రొదలోంచి కూడా కంప్యూటరు ఆ మాటను బయటికి లాగుతుంది. మాటలు తగ్గించి, సమయం పెంచి సాధించిన గెలుపిది.

ఒకే గీత.. ఊరికో కథ
ఇంత శ్రమకూ ఫలితం తెర మీద ఓ గీత. కానీ ఆ గీత ఆకాశం సంగతులు చెబుతుంది. పగలు అల తగిలే పొర సుమారు 70 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. రాత్రి దాదాపు 85కు లేస్తుంది. అందుకే పొద్దు పొడిచేటప్పుడు, కుంకేటప్పుడు గీత ఎగుడుదిగుడవుతుంది. సూర్యుడి మీద పెద్ద మంట లేస్తే ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాల్లో వచ్చి ఆ పొరను కుదుపుతాయి. గీత చటుక్కున మారి, మెల్లగా సర్దుకుంటుంది. 2009 జులై 22 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు కోల్‌కతాలోని ఇండియన్ సెంటర్ ఫర్ స్పేస్ ఫిజిక్స్ వాళ్లు పలుచోట్ల రిసీవర్లు పెట్టి ఈ కేంద్రం అలనే కొలిచారు.

మనకున్న వరం ఏమిటంటే.. విజయనారాయణం నుంచి సూటిగా లెక్కిస్తే హోసూరు సుమారు 480 కిలోమీటర్లు, బళ్లారి 750, యానాం 1,040, నాందేడ్ 1,200, బరంపురం 1,400. కోవిల్‌పట్టిలో నేల వెంట వచ్చే అల బలంగా ఉండి, గీత పెద్దగా కదలదు. బరంపురంలో గీత పలచన. కానీ పైపొర కుదుపులు బాగా తెలుస్తాయి. ఒకే రోజు నాలుగు ఊళ్ల గీతలు పక్కపక్కన పెడితే, ఆ కదలిక ఆకాశందా, ఎవరింటి ఇన్వర్టరుదా అన్నది తేలిపోతుంది. అన్ని ఊళ్లలో ఒకేసారి వచ్చింది సూర్యుడి పని. ఒక్కచోటే వచ్చింది మన ఇంటి పని!

రొద తగ్గించడం అందరి పని
2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. హ్యామ్ ప్రసారాల కోసం వెళ్లిన ఆమె సెట్టే అప్పుడు బయటి ప్రపంచానికి కబుర్లు చేరవేసింది. అక్కడ వాడింది ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీ కాదు. సూత్రం మాత్రం ఒక్కటే. అవతలి మనిషి గొంతు ఎంత సన్నగా ఉన్నా, ఇవతల నిశ్శబ్దంగా ఉంటేనే చెవిన పడుతుంది. గంజాం, గజపతి జిల్లాల్లో 2013 ఫైలిన్, 2018 తిత్లీ చూసినవాళ్లకు ఫోను టవర్లు కూలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. తుపాను రాత్రి పిడుగుల రొద ఎటూ తప్పదు. దానికి మన చౌకబారు చార్జర్ల గోల కూడా తోడైతే సాయం అడిగే గొంతు మునిగిపోతుంది.

తెలంగాణలోని వికారాబాద్ జిల్లా దామగుండంలో ఇలాంటి రెండో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. అడవి పోతుందని స్థానికులు, పర్యావరణవాదులు అభ్యంతరం చెప్పారు. ఆ చర్చ అటుంచితే, ఈ అలలేమిటో, ఎలా నడుస్తాయో తెలుసుకోవాల్సిన అవసరం మన పిల్లలకు పెరుగుతోంది. ప్రసారం చేయాలంటే పరీక్ష రాసి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తీసుకోవాలి. ఈ ఒక్క గీతను కొలవడానికి మాత్రం బడిలో ఓ చెక్క చట్రం, పాత కంప్యూటరు, సైన్సు మాస్టారి ఓపిక కావాలి. మొదటి రోజు పాఠం ఫిల్టరుతో మొదలవదు. ఏ బల్బు గోల చేస్తోందో పట్టుకుని, దాన్ని ఆపడంతో మొదలవుతుంది.