బియ్యం లేని అన్నం: పేలియో వంటల వెనక సైన్సు

క్యాలీఫ్లవర్‌ను సన్నగా తురిమి, మూకుడులో వేయించి, పోపు పెట్టి అన్నంలా వడ్డిస్తున్నారు. బాదం పిండితో రొట్టెలు కాలుస్తున్నారు. పేలియో వంటలుగా ఇవి మన ఇళ్లకూ చేరాయి.

పేలియో అంటే ప్రాచీన శిలాయుగం. సుమారు 12 వేల ఏళ్ల కిందట, వ్యవసాయం మొదలయ్యే దశలో అది ముగిసింది. అంతకు ముందు మనిషి తిన్న తిండే మన ఒంటికి సరిపడుతుందన్నది ఈ పద్ధతికి మూలం. 1985లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ ఒక వైద్య పత్రికలో రాసిన వ్యాసంతో ఇది శాస్త్రవేత్తల చర్చకు వచ్చింది. 2002లో లోరెన్ కార్డేన్ పుస్తకంతో జనంలోకి వెళ్లింది. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, పళ్లు, బాదం, అక్రోటు వంటివి తినవచ్చు. ధాన్యాలు, పప్పులు, పాలు, పెరుగు, పంచదార మానాలి.

వంటింట్లో ఏం జరుగుతుంది?

గోధుమ పిండిని తడిపి మర్దిస్తే గ్లూటెన్ అనే ప్రోటీన్ వలలా అల్లుకుంటుంది. చపాతీ సాగేది దానివల్లే. బాదం పిండిలో గ్లూటెన్ లేదు కాబట్టి రొట్టె విరిగిపోతుంది. అందుకే గుడ్డు కలుపుతారు. వేడి తగలగానే గుడ్డులోని ప్రోటీన్లు గట్టిపడి పిండిని పట్టి ఉంచుతాయి. కొబ్బరి పిండి సంగతి వేరు. అందులో పీచు ఎక్కువ, నీటిని బాగా పీల్చుకుంటుంది. బాదం పిండి కొలతకే దాన్ని వేస్తే ముద్ద పొడిబారుతుంది. పిండి తగ్గించి, గుడ్లు పెంచి, కలిపాక కాసేపు నాననివ్వాలి.

క్యాలీఫ్లవర్‌లో నూటికి 90 పాళ్లకు పైగా నీరే. మూత పెడితే ఆ ఆవిరికే మెత్తబడి గుజ్జవుతుంది. వెడల్పాటి మూకుడులో, పెద్ద మంట మీద, మూత లేకుండా వేయించాలి. ఉప్పు ముందే వేస్తే నీరు ఊరుతుంది, చివర్లో చల్లాలి. 100 గ్రాముల వరి అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థాలు ఉంటే, అంతే క్యాలీఫ్లవర్‌లో 5 గ్రాములే ఉంటాయి.

గుహలు చెప్పే సాక్ష్యం

శిలాయుగంలో క్యాలీఫ్లవరే లేదు. ఒక అడవి మొక్కను తరతరాల రైతులు ఎంచి ఎంచి పెంచగా వచ్చిన కూర అది. క్యాబేజీ, బ్రొకోలీ కూడా ఆ మొక్క సంతతే. ఇక నిషేధించిన పప్పుల మాట చూద్దాం. ఇరాక్‌లోని షానిదార్ గుహలో దొరికిన మాడిన తిండి ముక్కల్ని పరిశోధకులు సూక్ష్మదర్శినితో పరీక్షించారు. 2022లో ఫలితాలు వెలువడ్డాయి. సుమారు 70 వేల ఏళ్ల కిందటే పప్పుజాతి గింజల్ని నానబెట్టి, దంచి వండిన ఆనవాళ్లు వాటిలో కనిపించాయి. జోర్డాన్‌లో 14,400 ఏళ్ల నాటి రొట్టె ముక్కలూ బయటపడ్డాయి. అక్కడ సాగు మొదలైంది ఆ తర్వాత కొన్ని వేల ఏళ్లకు.

మన శరీరమూ శిలాయుగంలోనే ఆగిపోలేదు. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే శక్తి కొన్ని జాతుల్లో గత పది వేల ఏళ్లలోనే వ్యాపించింది.

ఏది ఉంచుకోవాలి?

పేలియో వంటల వల్ల పంచదార, మైదా, ప్యాకెట్ తిండి తగ్గి కూరగాయలు పెరుగుతాయి. అది నిజమైన లాభం. పాలు మానితే క్యాల్షియం, పప్పులు మానితే పీచు తగ్గే ప్రమాదమూ ఉంది. నువ్వులు, మునగాకు, ముల్లుతో సహా తినగలిగే చిన్న చేపలు క్యాల్షియం లోటును కొంత పూడుస్తాయి. షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవారు ఒక్కసారిగా అన్నం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వాళ్లూ, మూత్రపిండాల జబ్బున్నవారూ ముందు డాక్టరును అడగాలి.

మిగతావారు వారానికి రెండు పూటలు ఈ వంటలు చేసి చూడండి. కూరగాయల వాటా పెరగనివ్వండి. పప్పుగిన్నెను మాత్రం పక్కన పెట్టకండి. గుహల్లో బతికిన మనుషులు కూడా పప్పుగింజలు నానబెట్టి వండుకున్నారు.