పరదేశమున పని యనుమతి రాని యిల్లాలు

విరాటుని నగరమున ద్రౌపది మాఱుపేరుతో సైరంధ్రియై సుదేష్ణవద్ద కొలువు సంపాదించినది. పట్టమహిషికి అది తక్కువ పనియే. అయినను తన చేతి నేర్పుతో తాను బ్రతికినది. నేడు మన యాడుపడుచులు పెక్కుమంది భర్తలవెంట అమెరికాకు బోవుచున్నారు. ఎంత చదివిన వారైనను, అచ్చట అనుమతి లేనిదే యొక్క దినమైనను జీతమునకు బని చేయరాదు. ఈ సంగతి నాకు గ్రంథములవలన గాక నా చెల్లెలి కన్నీటివలన దెలిసినది.

ఆమె రాజమహేంద్రవరమున నొక కళాశాలలో ఆఱేండ్లు గణితము బోధించి, వివాహానంతరము భర్తతో టెక్సాసు రాష్ట్రమునకు బోయినది. మఱదిగారు కంప్యూటరు ఉద్యోగి. ఆయనది హెచ్-1బి వీసా. దానిపై నాధారపడినది ఆమె హెచ్-4. పోయిన యేట ఆమె పని యనుమతికి దరఖాస్తు పెట్టినది. నెలలు గడచిన పిమ్మట నిరాకరణ లేఖ వచ్చినది. ఆ వేకువను ఫోనులో, “అక్కయ్యా! నా చదువు బూడిదలో బోసిన పన్నీరైనదే!” యని యేడ్చినది. మావారు బడిపంతులు గదా! ఫోను దీసికొని, “అమ్మాయీ, కారణమేమని వ్రాసినారో చదువుము” అన్నారు. ఆమె యంతవఱకు మొదటి పంక్తి దాటి చదువనేలేదు.

కారణమిది: మఱదిగారి స్థిరనివాసమునకై యజమాని పెట్టిన ఐ-140 అను విన్నపము ఇంకను ఆమోదింపబడలేదు. 2015 మే 26న అమలులోనికి వచ్చిన నిబంధన ప్రకారము హెచ్-4 భార్యలందఱును అర్హులు గారు. భర్త ఐ-140 ఆమోదము పొంది యుండవలెను. లేదా స్థిరనివాస ప్రయత్నము సాగుచున్నందున ఆయన హెచ్-1బి గడువు ఆఱేండ్లకు మించి పొడిగింపబడి యుండవలెను. ఎల్-2 వీసాపై నున్న భార్యలకు 2021 నవంబరు నుండి ప్రత్యేకానుమతి యక్కఱ లేకపోయినది. కనుక పొరుగింటి యామెకు గలిగినది నాకేల కలుగలేదని కుములరాదు. ఆమె వీసా వేఱు కావచ్చును.

ఈ నిరాకరణపై అప్పీలు లేదు. అధికారి పొరపాటు గాని, క్రొత్త యాధారము గాని చూపగలిగినచో 30 దినములలో పునర్విచారణ కోరవచ్చును. తపాలాలో వచ్చిన లేఖకు 33 దినములు. కాగితము తక్కువైనచో దానిని జేర్చి మరల దరఖాస్తు పెట్టవచ్చును. అర్హతయే లేనిచో అది కలుగువఱకు వేచియుండవలెను. తొందరపడి చెల్లించిన రుసుము నీటిపాలే. నియమములు మాఱుచుండును గనుక వలస చట్టమెఱిగిన వకీలు నడిగి ముందడుగు వేయుట మేలు.

“ఇంటిలో గూర్చుండి చేయు పనికి అనుమతి యేల? ఎవరికి దెలియును?” అని చెప్పువారు గలరు. ద్రౌపదికి మాఱుపేరు చెల్లినది గాని మనకు జెల్లదు. అనుమతి లేని పని వలన వీసాకు ముప్పు. రేపటి స్థిరనివాసమునకు ఆటంకము.

కాగితముల సంగతి యొక యెత్తు, ఇంటి సంగతి యొక యెత్తు. మఱదిగారు మంచివారే. ఓదార్చుటకై “నేను తెచ్చుచున్నాను గదా, నీకేమి లోటు?” అన్నారట. నిరాకరణ లేఖకంటె ఆ మాటయే తన్ను గ్రుచ్చినదని చెల్లెలు నాతో జెప్పినది. ఆఱేండ్లు జీతము దెచ్చుకొన్న చేయి, పండుగకు తల్లికి చీర పంపుటకును చాపవలసి వచ్చినది! మావారు ఈ మాట మఱదిగారితో మెల్లగా జెప్పగా, ఆయన నొచ్చుకొని వెంటనే బ్యాంకు ఖాతాను ఇద్దఱి పేర వ్రాయించినారు. ఇంటి లెక్కలిప్పుడు చెల్లెలి చేతిలో నున్నవి. హెచ్-4 వారు చదువుకొనుటకు అడ్డు లేదు గనుక దగ్గఱి కళాశాలలో జేరినది. ఆదివారములందు వేతనము గోరక తెలుగు పిల్లలచేత అక్షరములు దిద్దించుచున్నది.

తల్లులారా! అమెరికా సంబంధము వచ్చినపుడు అల్లుని జీతముతోపాటు వీసా యేదియో, ఐ-140 యే దశలో నున్నదో అడుగుడు. ఇందులో సిగ్గుపడవలసిన దేమియు లేదు. మే మడుగలేదు, ఆ తప్పు మాదే.

ఐ-140 ఆమోదము నేటికిని రాలేదు. మొన్న ఫోనులో చెల్లెలు నవ్వుచు ననినది: “అక్కయ్యా, ఈ మాఱు లేఖ వచ్చినచో చివరిదాక చదివియే ఏడ్చెదను!”