గ్రంథాలయాలు చేతులు కలిపితే...

హాస్టల్లో చదివిన వాళ్లకి ఉమ్మడి కొనుగోలు గురించి వేరే చెప్పనక్కర్లేదు. నలుగురం చిల్లర పోగేసి ఒక గైడు కొంటాం. సాయంత్రం ఒకరు, తెల్లవారుజామున ఒకరు చదువుతాం. పరీక్షల ముందు రోజు మాత్రమే తగువు! గ్రంథాలయాలు కూడా ఇలాగే జట్టు కడతాయి. ఆ జట్టునే కన్సార్షియం అంటారు.

ఈ ఆలోచన మన డెల్టాకి కొత్తకాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. ఒకే పుస్తకాల పెట్టె, దారి పొడవునా ఊళ్లు. అమెరికాలోని ఒహాయోలో 1967లో 54 కళాశాలలు కలిసి ఓసీఎల్‌సీని స్థాపించాయి. ఒక గ్రంథాలయం రాసిన పుస్తక వివరాలను మిగిలినవన్నీ వాడుకోవడం దాని పని.

అసలు చిక్కు పరిశోధన పత్రికల దగ్గర వచ్చింది. ఒక్కో విదేశీ పత్రిక చందా వేలల్లో, కొన్నింటిది లక్షల్లో ఉంటుంది. ఒక పత్రికను అమ్మే ప్రచురణకర్త ఒక్కడే. కళాశాలలు విడివిడిగా వెళితే అతను చెప్పిందే ధర. అందరి తరఫునా ఒక్కరే బేరమాడితే లెక్క మారుతుంది. మన దేశంలో 1991లో మొదలైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఆ బాధ్యత తీసుకుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు 'సెరా' వచ్చింది. ఒకచోట లేని వ్యాసం కావాలని అడిగితే, ఉన్నచోటి నుంచి నకలు పంపే ఏర్పాటు కూడా అందులో ఉంది. 2025 జనవరి 1 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అమల్లోకి వచ్చింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించాలన్నది పథకం. తాడేపల్లిగూడెం నిట్ లాంటివి ఆ కోవలోవే.

అయితే ఈ తలుపు అందరికీ తెరుచుకోదు. ఇంటి పన్నుతోపాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను మన తల్లిదండ్రులూ కడుతున్నారు. ఆ సెస్సుతో నడిచే శాఖా గ్రంథాలయం మాత్రం ఈ జట్టులో లేదు. ఇది మాకు న్యాయంగా తోచదు.

ఇప్పటికి చేయగలిగిందొకటి ఉంది. డిగ్రీలో చేరిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ కళాశాల ఎన్-లిస్ట్‌లో గానీ, పై పథకంలో గానీ ఉందేమో లైబ్రేరియన్ గారిని అడగండి. ఉంటే యూజర్ ఐడీ ఎలా వస్తుందో కనుక్కోండి. అడగని వాళ్లకి ఆ సంగతే తెలియకపోవచ్చు. పదో తరగతి, ఇంటర్ వాళ్లకి ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. దానికి ఫీజు లేదు.