జీతగాని ముందుసొమ్ము - రైతు బాధ్యత

ఉగాదికి జీతగానిని కుదుర్చుకొని, కొంత సొమ్ము ముందుగా నిచ్చి, మరుసటి ఉగాదివరకు పని చేయించుకొనుట కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో పూర్వమునుండి వచ్చిన వాడుక. పనివానిని పెట్టుకొనుట తప్పు కాదు. అతని యక్కరకు సొమ్మిచ్చుటయు తప్పు కాదు. ఆ సొమ్ము మనిషిని కట్టివేసినచో మాత్రము రైతు నేరస్థుడగును. ఈ భేదమును ప్రతి సభ్యుడును ఎఱిగియుండవలెను.

నిజాము కాలమున ఈ పద్ధతికి భగేలా యని పేరు. తండ్రి చేసిన అప్పునకు కొడుకు చాకిరి చేయుచుండెను. 1936లో ప్రభుత్వము భగేలా ఒడంబడికలు వ్రాతపూర్వకముగా నుండవలెననియు, ఏడాదికి మించరాదనియు నిబంధన చేసెను. చదువురాని పనివానికి ఆ కాగితమువలన కలిగిన మేలు స్వల్పము. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ఆ పద్ధతినే రద్దు చేసినది. అందు భగేలా, జీతము, పాలేరు, వెట్టి అను మన పేర్లే కలవు.

ముందుసొమ్ము పుచ్చుకొన్నందున పనివాడు నామమాత్రపు కూలికి పనిచేయవలసి వచ్చినను, వేఱొకచోట పనికి పోరాదన్నను, ఊరు విడువరాదన్నను అది వెట్టియే. అట్టి అప్పు చెల్లదు. దానికై దావా వేయరాదు. వెట్టి చేయించినవానికి మూడేండ్లవరకు ఖైదు, 2,000 రూపాయలవరకు జుల్మానా. అది వెట్టి అప్పు కాదని ఋజువు చేయు భారము అప్పిచ్చినవానిదే. "తానే యిష్టపడి వచ్చెను" అను మాట చాలదు. కనీస వేతనమునకు తక్కువగా చేయించిన పని బలవంతపు చాకిరియే యని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

2025 నవంబరు 21 నుండి 2019 నాటి వేతనముల స్మృతి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఒకే పనికి ఆడ, మగ కూలిలో భేదము కూడదు. దినకూలి ఆ దినమే ఇయ్యవలెను. నెలజీతము మఱుసటి నెల 7వ తేదీలోపల ముట్టవలెను. మినహాయింపులన్నియు కలసి జీతములో సగమునకు మించరాదు. సేద్యమునకు ఐదుగురికి మించకుండ పనివారిని పెట్టుకొనిన రైతు రిజిస్టర్లు ఉంచనక్కరలేదు. అయినను అధికారి యడిగినపుడు కూలి చెల్లించినట్లు తగిన ఋజువు చూపవలెను.

కావున ఒక చిన్న పుస్తకమున జీతము, ముందుసొమ్ము, నెలనెల పట్టుకొనినది వ్రాసి, పనివానికి చదివి వినిపించి, సంతకమో వ్రేలిముద్రయో తీసికొనుడు. అట్టిదే మఱియొక పుస్తకమును అతనియొద్ద ఉంచుడు. 20,000 రూపాయలిచ్చి నెలకు 2,000 చొప్పున పట్టుకొనినచో పదినెలలలో తీరును. నడుమ అతడు మానుకొనినచో అడ్డగింపకుడు. అతని ఇంటివారిని బదులుగా పనికి పిలువకుడు. పదునాలుగేండ్లు నిండని పరుల పిల్లలను పనికి పెట్టుకొనకుడు.

ఎద్దును పలుపుతో కట్టుదుము. మనిషిని మంచిమాటతోను, సకాలమున ముట్టిన కూలితోను నిలుపుకొనవలెను.