పాత కాటాకు వైఫై: ఈఎస్‌పీ32తో ఎలా కలపాలి?

మా పెనుబల్లి వైపు వడ్లు, మామిడికాయలు, పామాయిల్ గెలలు... ఏది అమ్మాలన్నా ముందు కాటా ఎక్కాల్సిందే. చాలా ఎలక్ట్రానిక్ కాటాల వెనక ఆర్‌ఎస్‌-232 అనే సీరియల్ పోర్టు ఉంటుంది. బరువు అందులోంచి అక్షరాల రూపంలో బయటికొస్తుంది. కానీ ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఆ పోర్టు లేదు. అందుకని అంకె చూసి చేత్తో రాసుకుంటారు. 68.5ని 65.8 అని రాస్తే 2.7 కిలోల డబ్బు రైతు జేబులోంచి పోయినట్టే. ఒక ఈఎస్‌పీ32 బోర్డు పెడితే ఆ అంకె నేరుగా ల్యాప్‌టాప్‌కి వచ్చేస్తుంది. ఎలాగో చూద్దాం.

ముందు వోల్టేజ్ సంగతి

ఆర్‌ఎస్‌-232 అనేది 1960 నాటి ప్రమాణం. అందులో 1 అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, 0 అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15 వోల్టులు. ఈఎస్‌పీ32 పిన్నులేమో 3.3 వోల్టులవి. నేరుగా కలిపితే బోర్డు కాలిపోవచ్చు. మధ్యలో మ్యాక్స్‌3232 మాడ్యూల్ తప్పనిసరి. పాత మ్యాక్స్‌232 కొనకండి, అది 5 వోల్టుల చిప్.

వైర్లు

కాటా టీఎక్స్, గ్రౌండ్ పిన్నులు ఏవో మాన్యువల్‌లో చూసుకోండి. వాటిని మాడ్యూల్‌కు ఇచ్చి, మాడ్యూల్ నుంచి వచ్చే 3.3 వోల్టుల సిగ్నల్‌ను బోర్డు జీపీఐఓ 16కి కలపండి. గ్రౌండ్ కూడా కలపాలి. మాడ్యూల్‌కు పవర్ బోర్డులోని 3.3 వోల్టుల పిన్ నుంచే ఇవ్వండి.

బోర్డు నుంచి కాటాకు వెళ్లే వైరు మాత్రం నేనైతే కలపను. చాలా కాటాలు ఆ వైరు మీద ‘సున్నా చెయ్యి’ లాంటి కమాండ్లు తీసుకుంటాయి. వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ఎవరైనా కాటాతో ఆడుకోవచ్చు. వైరే లేకపోతే ఆ గొడవే లేదు.

ప్రోగ్రామ్

ఆర్డుయినోలో రెండో సీరియల్ పోర్టును 9600 బాడ్, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్‌తో తెరవండి. ఎక్కువగా ఇదే సెట్టింగ్. పిచ్చి అక్షరాలు వస్తే ముందు బాడ్ రేటు మార్చి చూడండి. ఏమీ రాకపోతే టీఎక్స్, ఆర్‌ఎక్స్ తారుమారయ్యాయేమో చూడండి. వచ్చిన ప్రతి అక్షరాన్నీ టీసీపీ సర్వర్ ద్వారా ల్యాప్‌టాప్‌కి పంపితే చాలు. ఈఎస్‌పీ32 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తుంది, రౌటర్‌లో అది ఆన్‌లో ఉండాలి.

వైఫై పోతే?

ఆ కాసేపట్లో వచ్చిన బరువులు గాలికిపోతాయి. కాబట్టి ప్రతి తూకానికీ ఒక వరుస సంఖ్య ఇచ్చి బోర్డు ఫ్లాష్ మెమరీలో దాచి, కనెక్షన్ రాగానే పంపించండి. సంఖ్య మధ్యలో తెగితే ఏదో పోయిందని వెంటనే తెలుస్తుంది.

కాటా మూత మాత్రం తీయకండి. 2009 లీగల్ మెట్రాలజీ చట్టం కింద వేసిన సీలు దానికి ఉంటుంది. పనంతా బయటి పోర్టు దగ్గరే. మొదటి వారం చేత్తో రాసే పుస్తకం కూడా పక్కనే పెట్టి, రెండు లెక్కలూ పోల్చుకోండి. కలిస్తేనే పుస్తకం మూయండి.